రెండో చరణానికి ముందు

ఉప్పల్,
14 జూన్ 2009

గౌరవనీయులైన వదినగారు సత్యవేణి గారికి,

తారామణి నమస్కారాలు. ఉత్తరం చూసి కంగారు పడకండి. మీ అమ్మాయి చంద్రిక బాగుంది, మా బాలరాజు బాగున్నాడు, మీ అన్నయ్యగారికి మోకాలి నొప్పి తగ్గింది. ఉప్పల్ నుంచి నాచారానికి ఉత్తరమేమిటని, కవరు కొనేటప్పుడు పోస్టాఫీసు గుమస్తా కూడా నవ్వాడు. "గీడికెల్లి గాడికి నడిసి పోవచ్చు గదమ్మా" అన్నాడు. నవ్వితే నవ్వనీయండి.

మొన్న ఆదివారం మీరు ఫోన్ చేసి నా షుగర్ ఎలా ఉందని అడిగారట. నేను "నిన్ననే రెండు కిలోలు తెచ్చిన్రు, నెలంత సరిపోతది" అన్నానట. పక్కనున్న చంద్రిక పొట్ట పట్టుకుని నవ్వి, తర్వాత కాగితం మీద రాసి చూపించింది. నాకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. అందుకే ఇక దాచకుండా రాస్తున్నాను. నాకు చెవులు పోయాయి వదినగారూ. బడి ఉద్యోగం ముందుగా మానుకున్నది అందుకే. పిల్లల పెళ్లినాటికే సగం పోయాయి. పందిట్లో మీరు పలకరిస్తే నేను ముఖం తిప్పుకుని వెళ్లానట. ఆంధ్రావాళ్ల పిల్ల కోడలుగా రావడం ఇష్టం లేక బిగుసుకుపోయిందని మీవాళ్లెవరో అన్నారట. బిగుసుకుపోలేదు, వినపడలేదు.

దవాఖానాలో చెవికి మిషన్ పెట్టారు. ఎదురుగా కూర్చుని మాట్లాడితే మాట కొంత అందుతుంది. సంగీతం మాత్రం స్టీలు గిన్నెలు తోముతున్నట్టు ఉంటుంది. దాని గురించే మిమ్మల్ని ఒకటి అడగాలి.

మా అమ్మగారిల్లు కూడా ఉప్పల్‌లోనే, టాకీసు వెనక. మా పెరటి గోడా, వాళ్ల తెర వెనక గోడా ఒకటే. నాకు పన్నెండేళ్లప్పుడు 'రేవు దాటిన పడవ' సినిమా వచ్చింది. ఎండాకాలంలో వచ్చి దసరా దాకా ఆడింది. నేను చూసింది ఒకసారి, విన్నది రోజూ. హీరో ముఖం ఇప్పుడు సరిగా గుర్తు లేదు గాని, అతను నడిచి వస్తుంటే వెనక ఏ వాయిద్యం వచ్చేదో చెప్పగలను. పాటలే కాదు, మాటల వెనక వాయించిందంతా నాకు కంఠతా వచ్చు.

మీ దగ్గర ఆ సినిమా పాటల సీడీ ఉందని చంద్రిక చెప్పింది. తీరిక చూసుకుని అందులో పడవ పాట పెట్టండి. గొంతు సంగతి వదిలేసి, వెనక ఏ వాయిద్యం ఎక్కడ వస్తుందో నాకు రాయండి. పాట మొత్తం నా తలలో ఉంది. కాని దాన్ని సరిచూసుకునే దారి ఇక నాకు లేదు. అది నిజంగా ఆ పాటేనా, నేను కల్పించుకున్నదా అని భయం పట్టుకుంది. ముఖ్యంగా రెండో చరణానికి ముందు ఏముందో రాయండి. నా తలలో ఏముందో ముందే చెప్పను. చెబితే మీరు మొహమాటపడి అదే రాసేస్తారు. మీరు రాసిందీ నాదీ ఒకటైతే, నా దగ్గరున్నది అసలు సరుకేనని నిశ్చింతగా ఉంటాను.

పిల్లల్ని అడిగాను. "అన్నీ బాగున్నాయి అత్తయ్యా" అని చంద్రిక, "మస్తుందమ్మ" అని బాలరాజు. అక్కడితో సరి. జవాబు చంద్రిక చేతికి ఇవ్వకండి, పోస్టు చేయండి. వియ్యపురాళ్ల ఉత్తరం విప్పకుండా మోసుకొచ్చే కోడలు ఇంకా పుట్టలేదు.

మీ
తారామణి


నాచారం,
25 జూన్ 2009

వదినగారికి,

సత్యవేణి నమస్కారాలు. షుగర్ సంగతి చదివి ముందు నవ్వాను. తర్వాత నవ్వినందుకు నన్ను నేనే తిట్టుకున్నాను. పెళ్లి పందిట్లో ఆ మాట ఎవరన్నారో నాకు తెలుసు. చెప్పను. ఇంత దగ్గరలో ఉండి ఇన్నాళ్లూ మీకు వినపడదన్న సంగతి కనిపెట్టలేకపోయిన నా తెలివికి మాత్రం ఒక దణ్ణం పెట్టుకున్నాను.

మీరు అడిగింది నాకు కష్టమైన పనే. మా తెనాలి వైపు అందరికీ సంగీతం వస్తుందని మీరు అనుకుంటున్నట్టున్నారు. నాకు పాటంటే గొంతే. వెనక వాయించేది పెళ్లి భోజనంలో అప్పడం లాంటిది. ఉంటే కరకరలాడుతుంది, లేకపోయినా ఆకు ముందు నుంచి ఎవరూ లేచిపోరు. మీ ఉత్తరం చదివి మా ఆయన "వియ్యపురాలు పరీక్ష పెట్టారు, బాగా చదువుకో" అని వెక్కిరించారు. కుక్కర్ దించేసి, ఫ్యాన్ కూడా ఆపి, చెమటలు కక్కుతూ కూర్చున్నాను.

ఇక రాస్తున్నాను. మొదట వయొలిన్లు. తర్వాత బొంగురు గొంతు వయొలిన్ ఒకటి. తర్వాత పడవవాడు పాట ఎత్తుకోగానే కొంచెం ముక్కుతో పాడినట్టుండే వయొలిన్ ఇంకొకటి. మధ్యమధ్య టింగు టింగుమని ఏదో. వేణువు మాత్రం గుర్తుపట్టాను, దానికి కృష్ణుడి దయ చాలు. పక్కన తబలా.

రెండో చరణానికి ముందా! అబ్బ, అక్కడ ఢోలక్ వదినగారూ! వయొలిన్లన్నీ పైపైకి ఎగబాకి, ఇప్పుడేమవుతుందో అనుకునేసరికి దడదడదడమని ఢోలక్ అదరగొట్టేశాడు. పేపరు చదువుకుంటున్న మా ఆయన కూడా కాలు ఊపారు. దాని గురించే కదూ మీరు అంత ఊరించింది? నాకెన్ని మార్కులు వేస్తారో రాయండి.

మీ అన్నయ్యగారు విజయభాస్కర్ మిమ్మల్నందరినీ అడిగారని రాయమన్నారు. కొత్త మామిడికాయ పచ్చడి చంద్రిక చేత పంపుతున్నాను. పచ్చడి అయితే విప్పినా ఫరవాలేదు.

మీ
సత్యవేణి


ఉప్పల్,
6 జూలై 2009

వదినగారికి,

నమస్కారాలు. ఢోలక్ అని రాశారు. మళ్లీ మళ్లీ చదివాను.

నా తలలో అక్కడ ఏమీ లేదు. వయొలిన్లు ఎగబాకుతాయి, అంతవరకు ఒకటే. ఎగబాకి, ఒక్కసారిగా అన్నీ ఆగిపోతాయి. తబలా ఉండదు, తెడ్డు చప్పుడు కూడా ఉండదు. నడి ఏట్లో పడవ నిలిచిపోయినట్టు. ఆ తర్వాత వేణువు ఒక్కటే కింది స్థాయిలో మొదలవుతుంది.

మా అమ్మ వెంకటనర్సమ్మ నన్ను పాటలోని ఆ ఖాళీలోనే పిలిచేది. మొదటి ఆటలో ఆ పాట వచ్చే వేళకు మా ఇంట్లో అన్నం వార్చడం అయిపోయేది. నేను పెరట్లో టాకీసు గోడకు చెవి ఆనించి కూర్చునేదాన్ని. పాట మోగుతుంటే ఎంత అరిచినా నాకు వినపడదని అమ్మకు తెలిసిపోయింది. రోజూ వినీ వినీ పాట ఎక్కడ ఆగుతుందో ఆమెకూ అలవాటైంది. ఆగిన చోట చూసి "తారా, రాయే" అని ఒక్క పిలుపు పిలిచేది. లేచి వెళ్లిపోయేదాన్ని.

అమ్మ పోయి చాలా ఏళ్లయింది. ఫోటో ఉంది. ఫోటోలో నోరు మూసుకుని ఉంటుంది. ఆమె గొంతు నా దగ్గర మిగిలింది ఆ ఒక్క చోటే. ఇంకెక్కడ వెతికినా ఆమె మాటలు గుర్తొస్తాయి గాని గొంతు రాదు. ఇప్పుడు అక్కడ ఢోలక్ ఉందంటున్నారు. అంత దడదడలో అమ్మ పిలుపు నాకెలా వినపడి ఉంటుంది? అంటే ఆ ఖాళీని నేనే కల్పించుకున్నాను. ఖాళీ కల్పనైతే, అందులో అమ్మ గొంతు కూడా కల్పనే గదా.

మీ తప్పేమీ లేదు, ఉన్నది రాశారు. ఇక ఈ సంగతి వదిలేద్దాం. పచ్చడి అందింది. ఉప్పు సరిపోయింది.

తారామణి


నాచారం,
15 జూలై 2009

వదినగారికి,

ఉప్పు సరిపోయిందన్న ముక్క చదివాక నాకు అన్నం సయించలేదు. కారం ఎక్కువైందని నాలుగు తిట్లు తిట్టినా ఇంతకన్నా బాగుండేది.

మళ్లీ విన్నాను. ఈసారి ఢోలక్ లేకుండా ఉంటే బాగుండునని వెంకన్నకు మొక్కుకుని మరీ విన్నాను. ఉంది వదినగారూ. ఉన్నదాన్ని లేదని ఎలా రాయను? మా ఆయన చేత కూడా వినిపించాను. ఆయనా ఢోలకే అన్నారు.

నాకు తోచింది చెబుతాను. మీరు విన్నది గోడ అవతల నుంచి కదా. గోడ కొంత తినేసి ఉంటుంది. ఆ ఢోలక్ గోడలో ఇంకిపోయి మీ దాకా వచ్చి ఉండదు. మీకు ఖాళీగానే వినపడి ఉంటుంది, మీ అమ్మగారు అప్పుడే పిలిచి ఉంటారు. ఇలా అనుకుంటే ఇద్దరి మాటా నిలుస్తుంది. పాట పాటలా ఉంటుంది, అమ్మ అమ్మలా ఉంటుంది. అలా అనుకోకూడదూ?

మీ
సత్యవేణి


ఉప్పల్,
27 జూలై 2009

వదినగారికి,

ఇది కోపంగా రాస్తున్న ఉత్తరం. చదివి చించేయండి.

గోడ తినేది ఢోలక్‌ను కాదు, వయొలిన్‌ను. పక్క వీధిలో పెళ్లయితే మీ ఇంట్లోకి ముందు వచ్చేది ఏమిటి, సన్నాయా, డోలా? డోలు గోడలు దాటి, తలుపులు దాటి, మంచం కోళ్ల దాకా వస్తుంది. సన్నాయి కోసం కిటికీ తెరవాలి. ఆ గోడకు చెవి ఆనించి పెరిగినదాన్ని నేను. అక్కడ ఢోలకే ఉండి ఉంటే పాట మొత్తంలో నాకు ముందు తెలిసేది అదే. ఇద్దరి మాటా నిలబెట్టడానికి ఇది కులపెద్దల పంచాయితీ కాదు. ఉంటే ఉంది, లేకపోతే లేదు.

ఇంకొకటి. పాటంతా తబలా మీద నడిపిన సంగీత దర్శకుడు, ఆ ఒక్క చోటు కోసం ఢోలక్ వాయించేవాణ్ణి ఎందుకు పిలిపిస్తాడు? పప్పు, చారు, పెరుగు వడ్డించి మధ్యలో జిలేబీ పెట్టినట్టు. అది ఆయన చేతివంటలా లేదు.

పనిలో పని, మిగతావి కూడా చెప్తాను. మీకు అన్నీ వయొలిన్లే. బొంగురు గొంతుది చెల్లో. అది ఏరు. ఆ ఒక్క చోటు తప్ప పాట మొదలు నుంచి చివరిదాకా అడుగున పారుతూనే ఉంటుంది, మీరు గమనించకపోయినా పారుతుంది. టింగు టింగుమన్నది జలతరంగం, గిన్నెల్లో నీళ్లు పోసి పుల్లలతో కొడతారు. ఏటి పాటకు నీళ్ల గిన్నెలు పెట్టాడు చూడండి, ఆ ముచ్చటకే దణ్ణం పెట్టాలి. ముక్కుతో పాడినట్టుంది అన్నది క్లారినెట్. దాన్ని వయొలిన్ నుంచి వేరు చేయడం తేలిక. వయొలిన్‌కు ఊపిరి అక్కర్లేదు. క్లారినెట్ వాయించేవాడు మనిషి, ఊపిరి తీసుకోవడానికి ఆగుతాడు. ఎవరు ఆగి ఊపిరి తీసుకుంటున్నారో వినండి, తెలిసిపోతుంది. పడవవాడు పాడి ఆపిన చోటల్లా క్లారినెట్ అందుకుంటుంది. క్లారినెట్ ఆపిన చోట అతను అందుకుంటాడు. ఒంటరివాడు గదా పడవవాడు, అతనికి మాట్లాడే తోడు ఇచ్చాడు.

సినిమా చివర్లో అతను ఊరు విడిచిపోయేటప్పుడు ఇదే వరస మళ్లీ వస్తుంది, పాట లేకుండా. అప్పుడు క్లారినెట్ ఉండదు. చెల్లో ఒక్కటే ఉంటుంది. ఏరు ఉంది, తోడు లేదు. ఇది నాకు సినిమా చూసినప్పుడు తెలియలేదు. గోడకు ఆనుకుని వింటుంటే ఒకరోజు తెలిసి ఏడ్చాను. అమ్మ కొట్టిందేమో అనుకుని మా నాయన అమ్మను తిట్టాడు.

ఇంత ఖచ్చితంగా గుర్తున్నదాన్ని, ఆ ఒక్క చోట ఎలా తప్పుతాను? తప్పే ఉండవచ్చు. అదే నన్ను తినేస్తోంది.

తారామణి


నాచారం,
20 ఆగస్టు 2009

వదినా,

గారు కావాలని తీసేశాను. ఇన్ని చీవాట్లు తిన్నాక ఇంకా గారు ఏమిటి.

మీ ఉత్తరం చించలేదు. జిలేబీ మాట నా బుర్రలో తిరుగుతూనే ఉంది. ముందు మీరు చెప్పినట్టు ఊపిరి కోసం విన్నాను. ముక్కు వయొలిన్‌వాడు నిజంగానే ఊపిరి తీసుకుంటున్నాడు! ఎవరో పక్క గదిలో ఉన్నట్టు అనిపించింది. ఏరు కూడా దొరికింది. దొరికాక ఇక గొంతు వినడమే మర్చిపోయాను. ఇన్నేళ్లూ ఈ పాటను సగమే విన్నానని తెలిసి ఉక్రోషం వచ్చింది. అప్పడం మాట వెనక్కి తీసుకుంటున్నాను.

ఇలా విన్నాక ఢోలక్ నాకే ఎబ్బెట్టుగా తోచింది. మిగతావాళ్లంతా ఒక గదిలో కూర్చుని వాయిస్తుంటే అతనొక్కడే వీధిలో నిలబడి కొడుతున్నట్టుంది. సీడీ తీసుకుని మా ఆయనతో లాలాపేట్ వెళ్లాను, ఆయన దాన్ని కొన్న కొట్టుకి. కొట్టతను చూసి, "గిది ఝంకార్ సీడీ గదమ్మా. కొత్తగ బీట్లేసిన్రు" అన్నాడు.

"బీట్లు వేయడమేమిటయ్యా?" అన్నాను.

"పాత పాటల మీద డోలు గిట్ల కొట్టి నింపుతరు. యాడ ఖాళీ దొరికితె ఆడ ఏస్తరు. గమ్మునుంటె ఎవలు కొంటరమ్మా? పాట ఖరాబైందనుకుంటరు."

వదినా, సీడీ అట్ట మీద ఝంకార్ అని ఇంత పెద్ద అక్షరాలతో ఉంది. మేమిద్దరం అది కంపెనీ పేరనుకున్నాం! పైగా ఆయన "మంచి కంపెనీదే తెచ్చాను" అని చెప్పుకుని తిరిగారు. మీ ఖాళీలోకి ఎవడో ఢోలక్ పట్టుకుని దూరాడు. నేను వాణ్ణి చూసి చప్పట్లు కొట్టి, మీకు ఉత్తరం రాశాను. మీ అమ్మగారి పిలుపు మీద ఢోలక్ కొట్టించింది నేనే. నన్ను క్షమించమని ఎలా అడగాలో తెలియడం లేదు.

మీరు చెప్పిందే నిజం. ఇక నిశ్చింతగా ఉండండి.

మీ
సత్యవేణి


ఉప్పల్,
22 డిసెంబరు 2009

వదినా,

మీ ఉత్తరం అందిన రోజే జవాబు రాయాలనుకున్నాను. రాయలేకపోయాను. ఝంకార్ కంపెనీ సంగతి మీ అన్నయ్యగారికి చదివి వినిపిస్తే, "బావగారికి చెప్పు, మనింట్ల టీవీ కూడ రిమోట్ కంపెనీదే" అన్నారు. చాలాసేపు నవ్వుకున్నాం.

కాని వదినా, నిశ్చింత రాలేదు. ఆ ఢోలక్ కొత్తగా కొట్టిందని తెలిసింది. దాని కింద ఏముందో తెలియదు గదా. తబలా ఉండి ఉంటే? వయొలిన్లు ఆగకుండా సాగి ఉంటే? దుప్పటి కప్పి ఉందని తెలిసింది, కింద మంచం ఖాళీయో, ఎవరైనా పడుకుని ఉన్నారో తెలియదు. ఇలా రాస్తే మీరు మళ్లీ తిరగడం మొదలుపెడతారని నెలలుగా ఊరుకున్నాను. ఊరుకోలేక రాస్తున్నాను.

ఇప్పుడే బయటికి వెళ్లకండి. బంద్‌లు, బస్సులు ఎప్పుడుంటాయో తెలియదు. మా ఇంట్లో తండ్రీ కొడుకులు టీవీ ముందు నుంచి లేవడం లేదు. మీ అన్నయ్యగారు ధర్నాకు కూడా వెళ్లొచ్చారు. తెలంగాణ రావాలని నాకూ ఉంది, మీ దగ్గర దాచను. మీ ఇంట్లో వేరేలా అనుకుంటూ ఉండవచ్చు. చంద్రిక టీవీ వైపు రాకుండా వంటింట్లోనే తిరుగుతుంటే నాకే బాధేసి, "ఏమైనా కానీ బిడ్డ, నువ్వు నా కోడలివి. రాష్ట్రాలు వేరుపడితె కోడండ్లు వేరుపడరు" అన్నాను. నా భుజం మీద తల పెట్టుకుంది. చెవులు లేకపోవడంలో ఒక సుఖముంది. ఇంటిల్లిపాదీ టీవీ అరుపులకు అలిసిపోతే నేనొక్కదాన్నే తాజాగా ఉన్నాను.

అన్నయ్యగారిని జాగ్రత్తగా ఉండమనండి.

మీ
తారామణి


నాచారం,
18 ఫిబ్రవరి 2010

వదినా,

మా ఇంట్లోనూ టీవీ అంతే. మా ఆయన ఒకరోజు కోపంగా, "ఇక వియ్యాలవారి ముఖం ఎలా చూస్తాం" అన్నారు. "మీరు టీవీ ముఖమే చూడండి, నేను వాళ్ల ముఖం చూస్తాను" అన్నాను. తర్వాత ఆయనే మెత్తబడి, మౌలాలిలో సీతారామయ్య గారని రైల్వేలో చేసి రిటైరైన మనిషి ఉన్నారని, ఆయన దగ్గర పాత రికార్డులుంటాయని ఎవరో చెబితే కనుక్కుని వచ్చారు. ఆయన ప్రాయశ్చిత్తాలు అలాగే ఉంటాయి.

మొన్న ఇద్దరం వెళ్లాం. కింద రైళ్లు పోతుంటే పైన ఆయన ఇల్లు. 'రేవు దాటిన పడవ' ఉంది వదినా, అసలు నల్ల రికార్డు. సీతారామయ్య గారు మెత్తటి గుడ్డతో తుడిచి, పిల్లను ఉయ్యాలలో వేసినట్టు పెట్టారు. రైలు పోయేదాకా ఆగి ముల్లు దించారు.

మొదట ఏరు వచ్చింది. తర్వాత నీళ్ల గిన్నెలు. ఈ రికార్డులో అవి ఎంత తడిగా ఉన్నాయనుకున్నారు! పడవవాడు పాడాడు, క్లారినెట్ ఊపిరి తీసుకుని జవాబు చెప్పింది. మొదటి చరణం అయింది. వయొలిన్లు ఎగబాకడం మొదలుపెట్టాయి. నేను మా ఆయన చెయ్యి గట్టిగా పట్టుకున్నాను.

ఆగింది వదినా. ఢోలక్ లేదు, తబలా లేదు, వయొలిన్ లేదు. ఏరు కూడా లేదు. మంచం ఖాళీ. సీతారామయ్య గారి గోడ గడియారం వినపడింది. ఆ తర్వాత వేణువు, మీరు రాసినట్టే, కింది నుంచి. నాకు కళ్ల నీళ్లు ఆగలేదు. మా ఆయన కాలు ఊపలేదు.

ఒక మాట మాత్రం దాచలేను. అది మీరు రాసినంత పెద్ద ఖాళీ కాదు. రెప్ప వేసి తీసేంత. ఇంత చిన్న సందులో కూతుర్ని పిలవడం ఎవరికైనా కుదురుతుందా అని అనుమానం వచ్చింది. ఉంది అని మాత్రం రాసి ఊరుకుందామనుకున్నాను. కాని ఉన్నదే రాయమని అడిగింది మీరు. అందుకని సీతారామయ్య గారిని మళ్లీ పెట్టమని అడిగి, ఆ చోటు రాగానే "తారా, రాయే" అని పిలిచాను.

ఆలస్యమైంది. మొత్తం వేణువు మీద పడింది. ఇంకోసారి పెట్టమన్నాను. ఆ పెద్దాయన నా వంకా మా ఆయన వంకా చూశారు. "వియ్యపురాలి కోసం" అన్నారు మా ఆయన, అదేదో అందరికీ అర్థమయ్యే కారణమైనట్టు. నా నోరు కూడా తిరగలేదు. మా వైపు "రావే" అంటాం. "రాయే" అనడం నాకు ఇదే మొదలు. మీ అమ్మగారు ఎలా పిలిచి ఉంటారో అనుకుంటూ, అన్నం చల్లారిపోతున్నట్టు పిలిచాను. వయొలిన్లు ఎగబాకుతుండగానే ఊపిరి పట్టి సిద్ధంగా ఉండాలి. అదీ ఒక వాయిద్యమే వదినా.

చివరికి "తారా" పట్టింది, సందు నిండా సరిగ్గా పట్టింది. "రాయే" మాత్రం పట్టలేదు. ఎంత తొందరగా అన్నా అది వేణువు మొదలయ్యాకే వచ్చింది, దాని మీదే పడింది. మా ఆయనా ప్రయత్నించారు, ఆయనకూ అంతే. పిలుపు సగమే కుదిరింది. మీరు బాధపడతారని తెలుసు. అయినా ఉన్నది ఉన్నట్టు రాశాను.

మీ
సత్యవేణి


ఉప్పల్,
24 ఫిబ్రవరి 2010

సత్యవేణీ,

నువ్వు అని రాస్తున్నాను, ఏమీ అనుకోకు. మా అమ్మలా నన్ను పేరు పెట్టి పిలిచినదానివి, నిన్ను ఇంకా మీరు అనలేను.

సగమే కుదిరిందని రాశావు. ఆ ముక్క చదివి పెరట్లోకి వెళ్లి కూర్చున్నాను. చంద్రిక భయపడి బయటికి వచ్చి, నా చేతిలోంచి ఉత్తరం తీసుకుని చదివింది. చదవనిచ్చాను.

నీకు రాసిన ఉత్తరాల్లో అమ్మ పిలిచిందని రాశాను, ఏమని పిలిచిందో రాశాను. పిలుపు ఎక్కడ మొదలై ఎక్కడ అయిపోయేదో రాయలేదు. ఎవరికీ చెప్పలేదు. చెప్పుకునేంత సంగతని కూడా అనుకోలేదు. "తారా" అన్నది ఒంటిగా వినపడేది. "రాయే" ఎప్పుడూ వేణువుతో కలిసే వచ్చేది. ఒక్కరోజు కూడా విడిగా రాలేదు. చిన్నప్పుడు నేను, వేణువు కూడా నన్ను రమ్మంటుందని అనుకునేదాన్ని.

అది నేను కల్పించుకున్నదైతే నీకెలా తెలుస్తుంది? నాకు అనుకూలంగా కల్పించుకునేదాన్నే అయితే పిలుపు మొత్తం ఆ ఖాళీలోనే పెట్టుకునేదాన్ని గదా.

అమ్మ పిలిచింది సత్యవేణీ. నిజంగానే పిలిచింది.

నీ
తార